నీటిపురుగుకు నూనె, పట్టుపురుగుకు ఆవిరి

మా బాబాయిది కైకలూరు దగ్గర చేపపిల్లల నర్సరీ. శీలావతి, బొచ్చె చేపల స్పాన్, అంటే గుడ్డు పగిలిన కొత్తల్లోని పిల్లలను తెచ్చి చెరువులో వదిలి, అంగుళం పిల్లలయ్యాక అమ్ముతాడు. మా చెల్లి చెన్నూరు అడవుల్లో దసలి పట్టు రైతులతో కలిసి పనిచేసే పరిశోధకురాలు. ఇద్దరి మధ్యా వాదం ఇది: గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల పురుగు అనే నాలుగు దశల బతుకును బాగా వాడుకున్నది ఏది? చెరువులో మునిగి వేటాడే సిబిస్టర్ పెంకుపురుగా, మద్ది ఆకు తిని పట్టుకాయ కట్టే దసలి చిమ్మటా? పెంకుపురుగు తరఫున మాట్లాడింది ఏటా దాన్ని చంపే బాబాయే. నా మొగ్గు మొదటినుంచీ అతని వైపే ఉంది. ఆ మాట ముందే చెప్పి, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

చెల్లి: దసలి చిమ్మట పట్టుకాయలోంచి బయటికొచ్చాక ఏమీ తినదు బాబాయ్. ఒక్క చుక్క తేనె కూడా తాగదు. నోరు అంటూ మిగిలింది తినడానికి పనికిరాదు. దానికున్న పని ఒక్కటే. కోకూనేజ్ అనే ఎంజైమును ఊరించి, పట్టుకాయ కొసను మెత్తబరచి దారి చేస్తుంది. దీని దగ్గరి చుట్టమైన అమెరికా చిమ్మటలో ఈ సంగతి 1964లో కఫాటోస్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. తలుపు తీయడంతో నోటి పని అయిపోయింది. ఇక వారం పది రోజుల బతుకంతా జత కోసం, గుడ్ల కోసం. ఇంత తెగువ ఉన్న ప్రాణి మీ చెరువులో ఉందా?

బాబాయి: తిండి మానిందని నువ్వంటున్నావు. ఆకుల మీద పడి తిన్నదెవరమ్మా? ఐదు వయసులు గడుపుతూ, వేలెడు లావయ్యేదాకా కొమ్మలకు కొమ్మలు బోడి చేసింది అదే గొంగళి. జీవితానికి సరిపడా తిండి చిన్నప్పుడే తినేసి, పెద్దయ్యాక ఆకలి లేదంటే అది పొదుపు. మంచి పొదుపే, కాదనను. తెగువ మాత్రం కాదు.

చెల్లి: పొదుపే అనుకోండి. ఒకే ప్రాణి తినడానికి ఒక ఒళ్లు, వంశం నిలపడానికి ఇంకో ఒళ్లు కట్టుకుంది. నాలుగు దశల బతుకు అర్థమే అది. మీ సిబిస్టర్ చిన్నప్పుడూ వేటాడుతుంది, పెద్దయ్యాకా వేటాడుతుంది. చిన్నప్పుడూ నీళ్లలోనే, పెద్దయ్యాకా నీళ్లలోనే. మరి మధ్యలో ప్యూపా అయి ఒళ్లంతా మార్చుకోవడం దేనికి?

బాబాయి: ఎగరడానికి. మన వైపు వేసవిలో కుంటలు ఎలా ఎండుతాయో చూశావుగా. నీరు ఇంకిపోతే లార్వా అక్కడే చస్తుంది. రెక్కలొచ్చిన పురుగు మాత్రం చీకటిపడ్డాక లేచి వేరే నీటికి పోతుంది. రెండున్నర సెంటీమీటర్ల ఒళ్లు, నల్లటి ఆకుపచ్చ వీపు, అంచున పసుపు గీత. నీళ్లలో చూస్తే ఈతకే పుట్టిందనుకుంటావు. వెనక కాళ్లు బల్లపరుపుగా, అంచుల నిండా వెంట్రుకలతో ఉంటాయి. రెంటినీ ఒక్కసారే వెనక్కి తోస్తుంది. పక్కనే ఇంకో రకం నల్ల నీటిపురుగు ఉంటుంది, అది ఒక కాలు తర్వాత ఒక కాలు కదుపుతుంది. గట్టు మీద నుంచే రెంటినీ వేరుగా గుర్తుపట్టొచ్చు. ఇంతటి ఈతగాడి గట్టి పెంకు కింద మడతపెట్టిన రెక్కలున్నాయి. ఏ రాత్రయినా చెరువు వదిలి పోగలదు. నీ చిమ్మటను నీళ్లలో వేస్తే ఏమవుతుంది?

చెల్లి: మునిగి చస్తుంది. మీ పురుగును మద్దిచెట్టు ఎక్కిస్తే ఆకలితో చస్తుంది. అది వాదన కాదు బాబాయ్.

బాబాయి: సరే, ఊపిరి సంగతి చెబుతా. అదైతే వాదనే. నీటిపురుగుకు మొప్పలు లేవు. పైకొచ్చి, తోక కొసను నీటి పైకి పెట్టి, వీపు పెంకుకీ పొట్టకీ మధ్య ఖాళీలో గాలి నింపుకుంటుంది. ఊపిరి రంధ్రాలు ఆ ఖాళీలోకే తెరుచుకుంటాయి. మునిగినప్పుడు తోక చివర ఒక బుడగ మెరుస్తూ కనిపిస్తుంది. దాన్ని ఉత్త నిల్వ అనుకోకు. పురుగు బుడగలోని ఆక్సిజన్ వాడేకొద్దీ లోపల అది తగ్గిపోతుంది. బయట నీటిలో కరిగిన ఆక్సిజన్ ఆ లోటులోకి వచ్చి చేరుతుంది. బుడగే మొప్ప పని చేస్తుందన్నమాట. నైట్రోజన్ మెల్లగా నీటిలోకి కారిపోయి బుడగ చిన్నదవుతుంది కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ పైకి రావాలి.

చెల్లి: ఆ లెక్క చిన్న పురుగులకు, చల్లటి నీళ్లకు బాగా సరిపోతుంది. మీ చెరువు వేసవిలో వేడిగా ఉంటుంది, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. మీ పురుగు పెద్దది, దాని ఖర్చు ఎక్కువ. బుడగ తెచ్చిపెట్టేది కొంచెమే. అందుకే మాటిమాటికీ పైకొస్తుంది.

బాబాయి: వస్తుంది. దాని ప్రాణం అక్కడే ఉంది. నేను దాన్ని చంపేదీ అక్కడే.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు ఆగారు. ఒక ప్రాణి ఊపిరి తీసుకునే తీరు ఇంత వివరంగా తెలిసినవాడు, ఆ తెలివితోనే దాని ఊపిరి ఆపుతాడు. చెల్లి తర్వాతి ప్రశ్న నేను అడగాలనుకున్నదే.)

చెల్లి: ఎలా?

బాబాయి: సబ్బు, నూనె. హెక్టారుకు 56 కిలోల చౌక నూనె, దానికి దాదాపు మూడో వంతు, అంటే 18 కిలోల సబ్బు. సబ్బును నీళ్లలో కరిగించి, నూనె కలిపి బాగా గిలక్కొట్టి, గాలి లేని పూట చూసి చెరువంతా చల్లుతాం. స్పాన్ వదలడానికి పన్నెండు గంటల నుంచి ఒక రోజు ముందు. నీటి మీద పల్చటి పొర పరుచుకుంటుంది. ఊపిరి కోసం పైకొచ్చిన ప్రతి పురుగుకూ గాలికి బదులు నూనె తగులుతుంది. నీటితేలు, వెల్లకిలా ఈదే పురుగు, సిబిస్టర్, దాని లార్వా అన్నీ పోతాయి. మొప్పలున్నవి మాత్రం తట్టుకుంటాయి.

చెల్లి: ఇంత ప్రేమగా చెప్పి, అంత పనీ చేస్తారా?

బాబాయి: నా స్పాన్ చూశావా? గుడ్డు పగిలి మూడు రోజులైన పిల్ల ఆరు మిల్లీమీటర్లు. కళ్లు తప్ప ఒళ్లంతా అద్దంలా ఉంటుంది. ఇక సిబిస్టర్ లార్వాను చూడు. కొడవళ్లలాంటి రెండు దవడలు, వాటి లోపల సన్నటి కాలువ. పట్టిన పిల్లలోకి జీర్ణరసం ఎక్కించి, లోపలిదంతా కరిగించి పీల్చేస్తుంది. తోక నీటి పైన ఆనించి, తల కిందికి వేలాడుతూ కదలకుండా కాచుకుంటుంది. దాన్ని నీటిపులి అంటారంటే ఊరికే కాదు. అరిజోనా వైపు దొరికే ఒక నీటిపురుగు లార్వా కళ్లలో రెండు దూరాలకు చూపు పడే కటకాలున్నాయని 2010లో సిన్సినాటి విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు. మనం ముదిమికి పెట్టుకునే బైఫోకల్ దానికి పుట్టుకతోనే వచ్చింది. అంత వేటగాడి ముందు ఆరు మిల్లీమీటర్ల పిల్లను వదిలితే నాకు మిగిలేదేమిటి? చంపుతాను. దాచను. నువ్వు నీ సంగతి చెప్పు.

చెల్లి: నాదేముంది?

బాబాయి: పట్టుకాయ లోపలి ప్యూపాను ఏం చేస్తారు?

చెల్లి: ఎండలో పెడతారు. లేదా ఆవిరి పడతారు. చిమ్మట బయటికొస్తే కొస దగ్గర పోగులు చెదిరి కాయకు చిల్లు పడుతుంది. అప్పుడు దారం ఏకంగా తీయడం కుదరదు. అందుకే రాకముందే చంపుతారు.

బాబాయి: నీ చిమ్మట నోటికి తలుపు తీయడం తప్ప పని లేదన్నావు. ఆ ఒక్క పనీ చేయనివ్వకుండానేనా?

చెల్లి: అవును. కానీ అన్నింటినీ కాదు. విత్తనానికి మంచి కాయలు ఏరి దండలుగా కట్టి వేలాడదీస్తారు. వాటిలోంచి చిమ్మటలు వస్తాయి, జత కడతాయి, ఒక్కో ఆడది నూట యాభై నుంచి రెండు వందల దాకా గుడ్లు పెడుతుంది. మగది గోధుమ ఎరుపు, ఆడది పసుపు, ఒళ్లు కూడా పెద్దది. రెక్కకో గుండ్రటి మచ్చ, మధ్యలో అద్దం ముక్కలా పారదర్శకంగా ఉంటుంది. దాన్ని చూసిన ఏ మనిషీ ఆవిరి పట్టడాన్ని తేలిగ్గా చెప్పలేడు. మన కుసుమ రాజయ్య గారు చిమ్మటను చంపకుండా, అది వెళ్లిపోయాక మిగిలిన కాయలతో నూలు వడికే పద్ధతికి పేటెంట్ తెచ్చుకున్నారు. అహింసా పట్టు అని పేరు పెట్టారు. దసలిలోనూ చిల్లుపడ్డ కాయలు ఉన్నాయి, వాటిని చేత్తో వడుకుతారు. ఆ బట్టకు వేరే గరుకు, వేరే అందం.

బాబాయి: విత్తనానికి ఉంచిన తల్లి చిమ్మట హాయిగా పోతుందన్నమాట.

చెల్లి: (కాసేపు ఆగి) లేదు. గుడ్లు పెట్టాక దాన్ని నూరి మైక్రోస్కోపు కింద చూస్తాం. పెబ్రిన్ జబ్బు తల్లి నుంచి గుడ్లకు దిగుతుంది. 1860ల్లో ఫ్రాన్స్ పట్టు పరిశ్రమ ఆ జబ్బుతోనే కూలిపోతుంటే పాశ్చర్ చెప్పిన పరీక్ష ఇది. తల్లిలో బీజాలు కనిపిస్తే గుడ్లన్నీ నాశనం చేస్తాం. కనిపించకపోతే రైతుకిస్తాం. నేనే నూరతాను. అది లేకపోతే మద్దిచెట్ల కింద నెల రోజులు చీమల్నీ కందిరీగల్నీ పిట్టల్నీ తోలుతూ కాపలా కాసిన కుటుంబానికి ఒక్క కాయ చేతికి రాదు.

(నా మొగ్గు కదిలింది ఇక్కడే. ఎవరి పురుగు గొప్పదో తేలకపోయినా, చేస్తున్న పనిని ఇద్దరూ పేరు పెట్టి చెప్పుకున్నారు. మన ఇళ్లలో పట్టుచీర కొనేవాళ్లం, చేపకూర తినేవాళ్లం అంత మాట అనుకోం.)

బాబాయి: మగ ఆడ సంగతికి రా. అక్కడ నీది గెలుస్తుందేమో.

చెల్లి: గెలుస్తుంది. ఆడ చిమ్మట కదలకుండా కొమ్మ పట్టుకుని పొట్ట చివర నుంచి వాసన వదులుతుంది. మగవాటి కొమ్ములు ఈకల్లా విచ్చుకుని ఉంటాయి. గాలిలో తేలివచ్చే ఆ కొద్ది వాసన పట్టుకుని చీకట్లో వెతుక్కుంటూ వస్తాయి. ఫ్రాన్స్‌లో ఫాబ్ర్ అనే కీటక శాస్త్రవేత్త తన ఇంట్లో పెద్ద నెమలి చిమ్మట ఆడదాన్ని వైరు జాలీ కింద ఉంచితే, రాత్రి మగవి కిటికీల్లోంచి దూసుకొచ్చాయి. అది వాసనే అని రసాయన శాస్త్రం రుజువు చేయడానికి 1959 దాకా పట్టింది. బ్యూటెనాంట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సుమారు ఐదు లక్షల మల్బరీ చిమ్మటల గ్రంథుల నుంచి ఆ పదార్థాన్ని వేరుచేశాడు. లోకంలో మొదటిసారి గుర్తించిన ఫెరోమోన్ అదే. పిలవడం ఆడదాని చేతిలో, వెతుక్కుని రావడం మగదాని రెక్కల్లో. మీ చెరువులో పిలుపు ఎక్కడుంది?

బాబాయి: పిలుపు మాట పక్కన పెట్టు. నాకు కనిపించేది పట్టుకోవడమే. మగదాని ముందుకాళ్ల మీద అతుక్కునే గుండ్రటి గిన్నెలుంటాయి. వాటితో ఆడదాని నున్నటి వీపు పట్టుకుని వదలదు. ఆడది వదిలించుకోవాలని వేగంగా ఈదుతుంది, విదిలిస్తుంది. యూరప్‌లో డైటిస్కస్ అనే దీని దాయాదిలో కొన్ని ఆడవాటికి వీపు మీద లోతైన గాళ్లుంటాయి. మగదానికి పట్టు దొరకడానికే ఆ గాళ్లని 1871లో డార్విన్ అనుకున్నాడు. ఇప్పటి పరిశోధకులు దాన్ని తిరగేసి చూస్తున్నారు. గిన్నెలు అతుక్కోకుండా ఆడది తెచ్చుకున్న రక్షణ అది అంటున్నారు. తరతరాలుగా రెండూ ఒకదాని మీద ఒకటి పంతం పట్టాయి. అందంగా లేదని ఒప్పుకుంటాను.

చెల్లి: అయితే ఈ మాట నాదే.

బాబాయి: ఈ ఒక్కటీ. శత్రువుల దగ్గర నాది గెలుస్తుంది. చేప మింగబోతే మెడ దగ్గరి గ్రంథుల్లోంచి పాలలాంటి ద్రవం వదులుతుంది. చేప ఉమ్మేస్తుంది. డైటిస్కస్‌ ద్రవంలో దొరికినది కార్టెక్సోన్, మనలాంటి వెన్నెముక ఉన్న జంతువుల ఒంట్లో ఊరే స్టెరాయిడ్ అది. చేప శరీరానికి తెలిసిన పదార్థంతోనే చేపను కొట్టింది. నీ చిమ్మటకు గబ్బిలం వస్తే ఏముంది? చెవులు కూడా లేవుగా?

చెల్లి: లేవు. ఈ కుటుంబానికి చెవులే లేవు. అయినా గబ్బిలం కేక నుంచి దాక్కుంటుంది. చైనాలో ఓక్ చెట్ల మీద పెరిగే పట్టుచిమ్మట దసలికి సొంత దాయాది. దాని రెక్కల పొలుసులు గబ్బిలం కేకలోని ధ్వనిని పీల్చుకుని ప్రతిధ్వని తగ్గిస్తాయని 2020లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ముట్టుకుంటే వేలికి పొడి అంటుతుందే, ఆ పొలుసులే. వినలేని ప్రాణి, వినేవాడికి మసకగా మారింది. మీ విషం కన్నా ఇది మెత్తటి ఉపాయం.

బాబాయి: ఇంత చేసిన రెండూ వీధిలైటు దగ్గర ఓడిపోతాయి. వానలు పడ్డాక మా పంపుషెడ్డు బల్బు కింద తెల్లారి చూస్తే సిబిస్టర్లు వెల్లకిలా పడి ఉంటాయి. మీ చిమ్మటల సంగతి చెప్పక్కర్లేదు.

చెల్లి: 2024లో వచ్చిన పరిశోధన చదివారా? హైస్పీడ్ కెమెరాలతో చూస్తే పురుగులు దీపం వైపు దూసుకుపోవడం లేదు. వీపును వెలుగు వైపు తిప్పుకుంటున్నాయి. ఆకాశం ఎప్పుడూ నేల కన్నా వెలుగు కదా, వీపు వెలుగుకు పెడితే ఒళ్లు నిటారుగా ఉంటుంది. దీపం పక్కన ఉంటే ఆ లెక్క తప్పి చుట్టూ తిరుగుతాయి.

బాబాయి: నీటిపురుగుకు ఇంకో మోసం కూడా ఉంది. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు ఒకే దిశలో ఊగుతుంది, దాన్ని బట్టి అది చెరువును గుర్తుపడుతుంది. నల్ల ప్లాస్టిక్ పట్టా, కారు టాప్ కూడా వెలుగును అలాగే తిప్పి పంపుతాయి. అందుకే కారు మీద దభీమని వాలుతుంది. నాకు దాని మీద జాలి కలిగేది అప్పుడే. నూనె పోసినప్పుడు కన్నా ఎక్కువ.

చెల్లి: జాలి ఉంటే దాని కోసం ఎవరు మాట్లాడతారు బాబాయ్? దసలి కోసం 1964 నుంచి రాంచీలో పరిశోధన సంస్థ ఉంది. దీన్ని పెంచే రైతులున్నారు. నల్లమద్ది, తెల్లమద్ది నరకకుండా నిలిచాయంటే చాలాచోట్ల దీని పుణ్యమే. మనిషికి పనికొచ్చి, తన అడవిని కూడా కాపాడుకుంది.

బాబాయి: పనికిరావడమే కొలతైతే చిమ్మటలన్నింటినీ తీసుకురా. పత్తిని తిన్న గులాబీ రంగు పురుగు ఎవరు? 2018లో కర్ణాటకలో దిగి, మన మొక్కజొన్న దాకా వచ్చిన కత్తెర పురుగు ఎవరు? లద్దె పురుగు, పచ్చ పురుగు? అన్నీ చిమ్మటల పిల్లలే. నేనేమో దసలిని వాటి లెక్కలో వేయను. నువ్వూ నా సిబిస్టర్‌ను నా స్పాన్ లెక్కలో మాత్రమే చూడకు. ఊరి చివర గుంటలో అదే లార్వా దోమ పిల్లల్ని తింటుంది. అక్కడ దానికి నూనె పోసేవాడు లేడు, దండం పెట్టేవాడూ లేడు.

చెల్లి: ప్యూపా దగ్గర మనం ఒకటే అనిపిస్తోంది. దసలి ప్యూపా చలికాలం, ఎండాకాలం కాయలోపలే కదలకుండా గడిపి, తొలకరికి బయటికొస్తుంది. కొమ్మకు ఉంగరంలా చుట్టిన గట్టి కాడతో వేలాడుతూ. మీది ఎక్కడ పడుకుంటుంది?

బాబాయి: గట్టులో. నీళ్లలో పుట్టి పెరిగిన లార్వా ఆ ఒక్కసారికే నీళ్లు వదిలి పాక్కుంటూ ఒడ్డెక్కుతుంది. తడి మట్టిలో చిన్న గది చేసుకుని అందులో ప్యూపా అవుతుంది. గట్టును సిమెంటు చేస్తే దానికి గది లేదు. అడుగు నుంచి అంచు దాకా ప్లాస్టిక్ పరిచిన చెరువులో లార్వా ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఎక్కడికీ పోదు. నా గట్లు మట్టివే. గడ్డి కూడా ఉంచాను. అది పురుగు కోసం కాదు, వానకి గట్టు జారకుండా. కానీ ఉంచాను.

చెల్లి: గట్టులో పెంచి, నీటిలో చంపుతారు.

బాబాయి: పదిహేను రోజులమ్మా. స్పాన్ వదిలాక పదిహేను, ఇరవై రోజుల్లో నా పిల్ల అంగుళానికి వస్తుంది. ఆ తర్వాత సిబిస్టర్ లార్వాకు అది అంత సులువుగా దొరకదు. దానికీ నాకూ పగ ఉన్నది ఆ కొద్ది రోజులే. మిగతా ఏడాదంతా చెరువు దానిది కూడా.

చెల్లి: అయితే ఆ పదిహేను రోజులకు నూనె లేకుండా దారి లేదా? సన్న కన్ను వలతో ముందే లాగితే?

బాబాయి: లాగుతాను. నూనెకు ముందు రెండు మూడుసార్లు లాగితే సగం పైన వల్లో పడతాయి. పడ్డవాటిని బుట్టలో పోసి అవతలి మురుగుకాలువలో వదిలేస్తున్నాను ఈ మధ్య. మా పనివాళ్లకు నచ్చదు. నూనె కూడా ఆ మేరకు తగ్గించి చూస్తున్నా.

చెల్లి: రెక్కలున్నవి కదా, రాత్రికి ఎగిరి మళ్లీ మీ చెరువుకే వస్తాయి.

బాబాయి: కొన్ని వస్తాయి. వాటిలో ఆడవి నీటిమొక్క కాడలు చీల్చి గుడ్లు పెట్టాలి, అవి పగలాలి, లార్వా నా పిల్లను పట్టేంత పెద్దదవ్వాలి. అప్పటికి నా శీలావతి అంగుళం దాటుతుంది.